విరుగుడు

రాత్రి రెండున్నరకి
ఎవరూ ముట్టుకోని బోల్టు
తల తెగి కింద పడింది.

డైజెస్టర్ హోరులో ఆ ఠంగుమన్న చప్పుడు
ఇద్దరికే వినిపించింది:
ఫిట్టర్ సూరపనాయుడికి,
మెట్ల కింద పడుకున్న కుక్కకి.

పొద్దున్న నా బల్ల మీదికి వచ్చిందది
ఒడియా పేపరు ముక్కలో పొట్లంగా.
తల మీద అంకె చెక్కుచెదరలేదు:
పన్నెండు పాయింట్ తొమ్మిది.
మా స్టోర్సులో అంతకన్నా గట్టిది లేదు.
గట్టిదనే తెప్పించారు.
గట్టిదనే విరిగింది.
ఈ రెండో మాట
మేనేజరుగారికి ఎలా చెప్పాలో తెలియక
టీ మీద మీగడ కట్టేదాకా కూర్చున్నాను.

రాయగడ ఇంకా రాకముందే
రైల్లోవాళ్ళు కిటికీలు దించేస్తారు.
కుళ్ళిన కోడిగుడ్ల వాసన, మా కాగితం మిల్లుది.
మా పిల్లలకి అదొక వాసనే కాదు.
పార్వతీపురం తీసుకెళ్తే
"ఇక్కడ గాలికేమయింది?" అని అడుగుతారు.

ఆ వాసనకి ఒక పని ఉంది.
తడిసిన ఉక్కు మీద పుట్టే హైడ్రోజన్
జంట కడితే బుడగై పోతుంది, పీడా పోతుంది.
గంధకం జంట కట్టనివ్వదు.
ఒంటరిదే లోపలికి దూరుతుంది.
దానికి తలుపు అక్కర్లేదు, సందు అక్కర్లేదు.
ఎక్కడ బిగువుంటే అక్కడికి నడుస్తుంది
చీమ బెల్లం వాసన పట్టినట్టు.

"నానేటి సేసినానమ్మా!
కొలిసే బిగించినాను. ఒగ్గీసినాను.
ఆరు గంటలయినాక అదే ఇరిగిపోనాది."
సూరపనాయుడికి అప్పటికే మెమో ఇచ్చారు:
అతిగా బిగించుట.
మూడు రోజుల జీతం.
ముప్ఫై ఏళ్ళు పానా పట్టిన అరచెయ్యి
నా ముందు చాపాడు, అదే సాక్షి అన్నట్టు.

నేను భూతద్దం పెట్టి చూశాను.
బలానికి తెగిన ఉక్కు
చెరకు విరిచినట్టుంటుంది, పీచు పీచుగా, మసకగా.
ఇది పటికబెల్లం పగిలినట్టుంది.
పలుకు పలుకుగా తళతళలాడుతోంది.
పలుకులే కదా, పలుకుతున్నాయి:
ఇతను కాదు, ఇతను కాదు.

మరెవరు?
గుణుపురం రోడ్డులో త్రినాథ్ బెహరా
ఆమ్లంలో కడిగి జింకు పూత పూస్తాడు.
పూత అయ్యాక ఎనిమిది గంటలు కొలిమిలో ఉంచాలి,
జ్వరమొచ్చినవాడికి చెమట పట్టించినట్టు,
లోపల చేరింది బయటికి పోవాలి.
ఆ రాత్రి కరెంటు పోయింది.
"మూడు గంటలు ఉంచానండీ" అన్నాడు, దాచలేదు.
అతని తొట్టిలో దూరిందో
మా మిల్లు గాలిలో దూరిందో
హైడ్రోజన్ మీద ఎవరి పేరూ రాసుండదు.

విరుగుడు ఏమిటని అడిగారు మేనేజరుగారు.
ఎనిమిది పాయింట్ ఎనిమిది వేద్దామన్నాను.
"మెత్తవా? ఉన్నవాటికన్నా మెత్తవా?"
మెత్తనిది తెగేముందు సాగుతుంది సార్,
సాగితే మనకి కనబడుతుంది.
గట్టిది చెప్పదు.
ఆయన కాగితం తిప్పి పెట్టారు.
వచ్చే షట్‌డౌన్‌కి చూద్దామన్నారు.

మెమో వెనక్కి తీసుకుంటారట. ఎప్పుడో తెలీదు.

అదే ఫ్లాంజికి
అదే డబ్బాలోంచి తీసినవి
ఇంకా పదకొండున్నాయి.
కొట్టి చూస్తే ఖణేల్మంటాయి.
హార్డ్‌నెస్ పరీక్ష అన్నీ పాసయ్యాయి, నేనే చేశాను.

క్వార్టర్స్ ఇక్కడికి కిలోమీటరు దూరం,
మధ్యలో నాగావళి గాలి.
ఏదీ వినపడదు.
అయినా రెండున్నరకి మెలకువ వస్తుంది.
అక్కడ మెట్ల కింద కుక్క
ఈపాటికి తలెత్తిందేమో
అనుకుంటూ పడుకుంటాను.