యాభై తొమ్మిదో స్లీపరు

బూట్ల పెట్టెలో పట్టేలా చెయ్యమందట దులామ్ టీచరు,
సూర్యుడూ ఎనిమిది గ్రహాలూ,
సోమవారానికల్లా.

సొలోంగో దారాలు కడుతోంది.
మట్టి ఉండలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ
సంతకి పోయే లారీలో జనంలా ఊగుతున్నాయి.
"నిజంగా ఇలాగే ఉంటాయా తాతా?"

ముప్పై ఒక్క ఏళ్లుగా గోబీలో పట్టాలు కొలుస్తున్నవాణ్ణి.
రెండు పట్టాల నడుమ నూలువాసి తేడా వచ్చినా
ఆ రాత్రి తిండి సయించదు నాకు.
ఈ పిల్లకి అబద్ధం ఎలా చెప్పను?

ఇంట్లో పుచ్చకాయ ఉంది, ఖోవ్ద్ నుంచి వచ్చింది,
అడ్డంగా ముప్పై సెంటీమీటర్లు.
సైడింగు పలక కింద దాన్ని కూచోబెట్టాం:
సూర్యుడు.
చెవిమీది పెన్సిలు తీసి
పాత టైంటేబులు వెనక లెక్క వేశాను.
కిలోమీటరుకి పద్దెనిమిది వందల నలభై స్లీపర్లు,
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.

ఇరవై మూడో స్లీపరు దగ్గర బుధుడు, ఒక ఇసుక రేణువు.
నలభై మూడు దగ్గర శుక్రుడు, వరిగ గింజ.
యాభై తొమ్మిది దగ్గర ఇంకో వరిగ గింజ.
సొలోంగో మోకాళ్లమీద వంగి చాలాసేపు చూసింది.
"ఇందులోనే మనమా?"
"మనమే."
"మన మేకలు?"
"అవీ."
"పట్టాలు కూడానా?"
అక్కడ మాత్రం గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

మొదటి భూమిని గాలి ఎత్తుకుపోయింది.
రెండోదాన్ని పిచ్చుక తినేసింది.
మూడోదాన్ని ఉమ్మితో అంటించి
"బస్తా నిండా ఉన్నాయిలే" అంది.
నేనేమీ అనలేదు.

వెలుగు ఇక్కడికి రావడానికి ఎనిమిది నిమిషాలట,
పుస్తకంలో ఉంది.
పుచ్చకాయ దాకా వెళ్లి నడిచి వచ్చింది,
నా వాచీలో అర నిమిషం కూడా కాలేదు.
"వెలుగు కన్నా నేనే ముందు!"
స్లీపరు మీద చీమ ఒకటి పరిగెడుతోంది.
అదిగో, వెలుగు, అన్నాను.
ఇద్దరం కాళ్లు తీసి దారిచ్చాం.

కుజుడు తొంభై దగ్గర. సరే.
గురుడు చారల లాలీపాప్,
చారలు బాగా కనబడాలని ఒకసారి నాకి మరీ
పుల్లతో సహా కంకరలో గుచ్చింది, మూడు వందల తొమ్మిది.
శనికి ఎండిన పెరుగు ఉండ,
నడుముకి సైకిలు ట్యూబు ముక్క.

అక్కణ్ణించి మాటలు అయిపోయాయి.
నడిచాం. ఇంకా నడిచాం.
పుచ్చకాయ ఎప్పుడో కనుమరుగైంది.
"ఇంత ఖాళీ ఎందుకు తాతా?"
తెలీదు నాకు.
పట్టాకీ పట్టాకీ మధ్య సందు ఎందుకో మాత్రం తెలుసు:
ఎండకి ఇనుము సాగుతుంది,
చోటివ్వకపోతే వంకరపోతుంది.
అదే చెప్పాను. తలూపింది.

చివరి రెండింటికీ వాళ్లమ్మ పాత యూనిఫాం గుండీలు.
నీలం గుండీ నెప్ట్యూన్,
కిలోమీటరు రాయికి యాభై ఆరు స్లీపర్ల ఇవతల.
పెట్టబోతుంటే పట్టాలు సన్నగా మోగాయి.
రెక్క పట్టుకుని పక్కకి లాగాను.

సరిహద్దు బండి. మా దగ్గర ఆగదు.
ఏడో పెట్టె తలుపులో ఒయూనా,
చేతిలో పసుపు జెండా, నోట్లో ఏదో మాట,
మూడు సెకన్లు.
సొలోంగో గుండీ ఉన్న చెయ్యే ఎత్తింది.

దుమ్ము అణిగాక అంది:
"తోకచుక్క డెబ్బై ఆరేళ్లకోసారి వస్తుందట."
కాసేపు ఆగి,
"మనదే నయం. పదకొండు రోజులు."

ఇంటికొచ్చి సూర్యుణ్ణి కోసుకు తిన్నాం.
మొహం నిండా రసం, గింజలు గడప అవతలికి.
సోమవారం పెట్టె పట్టుకెళ్లింది,
లోపల ఒక్క వరిగ గింజ, ఒక చీటీ:
*మిగతాది పట్టలేదు.*

మంగళవారం తనిఖీకి నడిచాను.
బోల్టులు రెండు బిగించాను.
మూడు వందల తొమ్మిదో స్లీపరు దగ్గర
లాలీపాప్ కనబడనంతగా చీమలు.

రిజిస్టరులో రాశాను:
దారి క్షేమం.
వెలుగు గురుడి దాకా చేరింది.

పైవాళ్లు అడిగితే అప్పుడు చూద్దాం.