రిజిస్టరులో లేని ఇరవై నిమిషాలు

పెదవాల్తేరు మిట్ట మీద, మూడో అంతస్తులో
కిటికీలు లేని గది నాది.
పన్నెండు గంటల పగలు, పన్నెండు గంటల రాత్రి.
స్విచ్చే సూర్యుడు. నొక్కేది నేను.

ఎలుకలకి పేర్లు పెట్టకూడదు, అది రూలు.
నలభై ఏడుకి పైడి అని పెట్టుకున్నాను,
లోలోపలే.

ఇరవై ఆరు నెలలు దానికి,
మన లెక్కలో డెబ్బై దాటినట్టే.
వీపు మీద బొచ్చు రాలి, నడుం వంగి
చక్రం పక్కన కూర్చునేది,
ఆఖరి బస్సు తప్పిపోయినదానిలా.

డాక్టర్ కౌముది గారు ఎక్కించింది మందు కాదట.
కోరలు తీసిన వైరస్,
దాని కడుపులో మూడు జన్యువులు.
"ప్రతి కణానికీ దాని చిన్నతనం గుర్తుచేస్తుంది, రత్నం" అంది.
"పూర్తిగా గుర్తొచ్చేస్తే?"
"కాన్సర్" అంది, గ్లవ్స్ విప్పుతూ.

పెదజాలరిపేటలో
ఎండు నెత్తళ్ళు తిరగేస్తూ అమ్మ నవ్వింది.
"ఎలక్కి మళ్ళీ వయసొస్తాదేటే?
సంద్రానికే నెరిసిపోనాది జుట్టు, ఆ నురగ సూడు.
దానికెవులేస్తారు సూది?"

వేస్తారమ్మా.
హార్బరులో తవ్విన ఇసుకని
గొట్టంలోంచి బీచ్ ఒడ్డున కక్కుతుంది డ్రెడ్జర్.
తీరం కాస్త ఒళ్ళు చేస్తుంది.
ముంతకింద పప్పు బండి నాలుగడుగులు ముందుకి జరుగుతుంది.
తర్వాత తుపాను నెల వస్తుంది.

ఆరో వారం, గూట్లో పొట్టు మారుస్తుంటే
నా చేతి మీంచి నల్లగా ఏదో పరిగెత్తింది.
పైడే!
వీపున కొత్త బొచ్చు, కళ్ళలో మొన్నటి మబ్బు లేదు.
రాత్రి చక్రం లెక్క: నాలుగు వేల రెండొందల చుట్లు.
కౌముది గారు ఆ అంకె రెండుసార్లు చూసి
నా భుజం పట్టుకుని ఊపేసింది.
రెండేళ్ళుగా పైకి లేవని భుజం అది.
చెప్పలేదు.

నాకు రిటైర్మెంటుకి ఇంకా పదకొండు నెలలు.
ఆ సాయంత్రం, పారేయాల్సిన సీసాని
లైటుకి ఎత్తి చూశాను,
ఒక్క చుక్కైనా మిగిలిందేమోనని.
నిజమే చెబుతున్నాను.

శుక్రవారం గడిలో ఒకటే మాట: ముగింపు.
గుండె, కాలేయం, మెదడు
పలచగా కోసి అద్దం కింద పెట్టకపోతే
వయసు వెనక్కి నడిచిందని ఎవరు నమ్ముతారు?
ఆవిడకీ కష్టమే. మాస్కు పైన కళ్ళు
నా వైపు తిరగలేదు.
వదిలేస్తే పైడి ఇంకెన్నాళ్ళు బతికేదో
ఆ అంకెకి మాత్రం గడి లేదు.

తెల్లారి ఆరింటికి
స్విచ్ మీద వేలు పెట్టి నిలబడ్డాను.
చీకట్లో చక్రం తిరుగుతోంది,
ఎక్కడికో ఆలస్యమైపోతున్నట్టు.
నొక్కలేదు.

ఆరూ ఇరవైకి నొక్కాను.
రిజిస్టరులో ఆరు అని రాసి
సంతకం పెట్టాను:
చోడిపల్లి నూకరత్నం.