పానా తిరిగే చోటు

నల్లటి తెర మీద తెల్లటి కూడిక గుర్తు.
నా చెయ్యి వణికినప్పుడల్లా అదీ వణుకుతోంది.
"లైన్ అని కొట్టి ఎంటర్ నొక్కు" అంది శైమా మేడమ్.
నొక్కాను.
గీత నా వేలికి అంటుకున్న బెల్లప్పాకం తీగలా
ఎటు పోతే అటు సాగుతూ వచ్చింది.
ఎలా తెంపాలో తెలీక
క్లాసంతా చూస్తుండగా
తెర చివరిదాకా లాక్కుపోయాను.

సోహార్‌లో అప్పటికే ఎండ ముదిరింది.
కిటికీ అవతల రేవు క్రేన్లు మెడలు చాచి నిలబడ్డాయి.
లోపల ఏసీ చలికి పక్క సీటు బుసైనా
అబాయా చేతుల్లోకి వేళ్లు ముడుచుకుని
మౌస్‌ని మణికట్టుతో నెడుతోంది.
మొదటి నెలంతా మేమిద్దరం
గీయడం కన్నా చెరపడమే ఎక్కువ నేర్చుకున్నాం.

మూల గుండ్రంగా కావాలంటే వ్యాసార్ధం చెప్పాలి.
చెప్పకపోతే సున్నా అనుకుంటుంది.
ఒకసారి అంగుళాల్లో ఉందని చూడకుండా
ఇరవై అయిదు అని కొట్టి
మనిషి నడుమంత లావు బోల్టు గీశాను.
కంప్యూటర్ ఏమీ అనలేదు. దానికి నవ్వు రాదు.
బుసైనాకి వచ్చింది.

కనబడే అంచుకు నిండు గీత.
లోపల దాగిన అంచుకు తునకల గీత.
లేకపోయినా అన్నీ తన చుట్టే తిరిగే నడిమి ఇరుసుకు
పొడుగు, పొట్టి, పొడుగు.
ఎడమ నుంచి చూసిన బొమ్మ కుడి పక్కన పెట్టాలట!
ఇంటికొచ్చి, లైటు తీసి,
లబాన్ డబ్బాకి ఎడమ నుంచి టార్చి వేస్తే
నీడ వెళ్లి కుడి గోడ మీద పడింది.
"కరెంటు పోలేదు కదే" అంది అమ్మ.
అప్పుడు దిగింది బుర్రలోకి.

సెమిస్టరు చివర సొంతంగా ఒక బ్రాకెట్.
నాలుగు బోల్టులు, మధ్యలో బలానికి ఒక రెక్క.
ఎక్కడా గీత మీద గీత లేదు, కొలత మరిచింది లేదు.
ఉన్న సైజుకే ప్రింటు తీసి, చుట్టచుట్టి,
శుక్రవారం నాన్నతో సనయ్యా వెళ్లాను
ఓదెలు మామకి చూపించి మెప్పు పొందాలని.

పంతొమ్మిదేళ్లుగా లేత్ మీద నిలబడ్డ మనిషి.
ఇంగ్లీషులో అంకెలూ, అడ్డగీత కొట్టిన సున్నా తప్ప
ఇంకేమీ చదవడు.
దారం కట్టిన కళ్లద్దాలు సర్దుకుని
కాగితాన్ని బొటనవేలితో తడుముతూ పోయాడు,
చీకట్లో స్విచ్చి వెతికినట్టు.
మూడో బోల్టు దగ్గర వేలు ఆగింది.
పంతొమ్మిది నంబరు పానా తెచ్చి
కాగితం మీదే బోల్టు తలకి తగిలించాడు.
"బోల్టు సక్కగనే కూసున్నది బిడ్డా.
మరి బిగిచ్చుడెట్ల?"
పానా పిడి రెక్క మీద పడుకుంది.
"తెర మీదైతే బోల్టు దానంతటదే దూరుతది.
ఈడ ఒకడు ఒంగాలె.
వాని చెయ్యి వట్టాలె."

వేళ్ల కణుపులు చూపించాడు. తెల్లగా మచ్చలు.
"ఇది బర్కాల నీళ్ల ప్లాంటు.
ఇది మస్కట్ల లిఫ్టు మోటారు.
గీ పెద్దది ఎవల గీతనో యాదికి లేదు."
కోపమేమీ లేదు గొంతులో.
సులేమానీ చాయ్ నా వైపు జరిపి
గ్లాసు చెమ్మ కాగితానికి అంటకుండా
కింద ఒక వాషర్ పెట్టాడు.

ఆ రాత్రి రెక్కని ఇరవై రెండు మిల్లీమీటర్లు జరిపాను.
జరపడానికి ఒక్క నిమిషం.
తర్వాత కొత్త లేయర్ తెరిచి
పానా గీశాను, దాని వెనక పిడికిలి గీశాను.
కణుపులు సరిగా రాక నాలుగుసార్లు చెరిపాను.
కదిలే వస్తువు ఇంకో చోట ఎలా ఉంటుందో చూపడానికి
వేరే గీత ఉందని పుస్తకంలో దొరికింది:
పొడుగు, పొట్టి, పొట్టి, పొడుగు.
ఆ గీతతోనే గీశాను.

ప్రింటుకి ముందు ఆ లేయర్ ఆపేశాను.
శైమా మేడమ్ ఎర్ర పెన్ను రెక్క పక్కన ఆగింది.
"ఇక్కడ ఇంత ఖాళీ ఎందుకు?"
నాకొచ్చిన నాలుగు అరబ్బీ మాటల్లో
ఒకటి సరిగ్గా పనికొచ్చింది.
"యద్" అన్నాను,
చెయ్యి ఎత్తి చూపించాను.