నేల కింద చప్పుడు

కొండ దిగుతూంటే మూడో మలుపులో
వెనకాల ట్రెయిలర్‌లో ధడేల్‌మంది.
పక్కకి ఆపి, వెనక తలుపు దించి చూస్తే
టోబిన్ నాలుగు చక్రాల బండి
వంటగది అలమరలోకి తల దూర్చి ఉంది,
పాలకోసం వచ్చిన దొంగపిల్లిలా.

వెనక సగం గ్యారేజీ, ముందు సగం ఇల్లు మా ట్రెయిలర్.
ఆ రోజు రెండూ ఒకటే అయ్యాయి:
పగిలిన ప్లేట్ల మధ్య పెట్రోలు వాసన,
చక్రం కింద నలిగిన కార్న్‌ఫ్లేక్స్ పెట్టె.

పట్టీ తెగలేదు. కొక్కెం వంగలేదు.
ఇనుప రింగు ఇంకా పట్టీ కొసనే వేలాడుతోంది.
నేలే దాన్ని వదిలేసింది.

కంపెనీవాడు బిగించిన మరమేకులు నాలుగు
ఏరి అరచేతిలో వేసుకున్నాను.
చిటికెన వేలు గోరుకి కాస్త ఎక్కువ.
పైన పటారం, లోన లొటారం.
మూడేళ్లు మేం మోసుకు తిరిగిన నమ్మకమంతా
ఆ కాస్త చెక్కపొట్టులో నిలబడి ఉందన్నమాట.

టోబిన్ చూశాడు. ఏమీ అనలేదు.
వాళ్ల నాన్నని నేను పెళ్లాడిన దగ్గర్నుంచీ
వాడు నాతో ఏమీ అనడు.
నోరీన్ అని పిలవడు, పిన్నీ అనీ అనడు.
ఉప్పు కావాలంటే ఉప్పువైపు చూస్తాడు.

శనివారం. గ్యారెట్ బంగారు గనిలో డ్యూటీకి పోయాడు.
ఫాలన్‌లో హార్డ్‌వేర్ కొట్టు ముసలావిడ, మిసెస్ ఉర్రుటియా,
నేను ఏరుకున్న మేకులు చూసి
"ఇవి ఫొటోలు తగిలించుకోడానికమ్మా" అని
డబ్బాలోకి తిరిగి ఒంపేసింది.
నా బొటనవేలంత లావు బోల్టులు పదహారు,
అడుగున వెయ్యడానికి ఉక్కు పలకలు నాలుగు,
ఊడిరాని నట్లు, వెడల్పు వాషర్లు
తూకం వేసినట్టు ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఇచ్చింది.

నేలని వేలిముడితో తట్టుకుంటూ పోయాను.
డబ్‌డబ్ అన్నచోట బోలు, ఠంగుమన్నచోట దూలం.
నీళ్ల ట్యాంకుకి చిల్లు పడకుండా మూడుసార్లు కొలిచాను.
డ్రిల్లు దిగినకొద్దీ పైకొచ్చిన రంపప్పొట్టు
తడితడిగా, పాతబడ్డ పుట్టగొడుగు వాసన.

ఇక్కడ ఇరుక్కున్నాను.
నేను పైన బోల్టు తిప్పితే
కింద నట్టూ దాంతోపాటే తిరుగుతుంది.
దిగి, పానాకి చెక్కముక్క అడ్డం పెట్టి, ఎక్కి తిప్పితే
చెక్కముక్క జారిపోతుంది.
దిగడం, ఎక్కడం. మోకాళ్లు మండుతున్నాయి.
ఒకటి నోటికొచ్చింది. గట్టిగానే తిట్టాను.

అయిదోసారి తిప్పినప్పుడు
బోల్టు బిగుసుకుంది.

వంగి చూస్తే
చక్రాల పక్కన ఎర్ర తాళ్ల బూట్లు, మడమలు నేలకానించి.
పలకరించలేదు. పలకరిస్తే
ఆ బూట్లు లేచిపోతాయని భయం.

మాకో భాష కుదిరింది.
కిందనుంచి ఒక చప్పుడు: పట్టుకున్నా, తిప్పు.
రెండు: అయింది, పక్కదానికి పద.
ఇంతే. రెండే మాటల భాష,
అందులో అబద్ధమాడటానికి వీల్లేదు.
ఆరు, ఏడు, తొమ్మిది. ఎండ తలుపులోంచి పాకి
నా వీపుమీదికెక్కింది.

పదకొండో బోల్టు దగ్గర మూడు చప్పుళ్లు.
మూడంటే ఏమిటో మేమనుకోలేదు.
ఆగాను. మళ్లీ మూడు.
నేలకి చెవి ఆనించాను.
ప్లైవుడ్డుకీ ఉక్కుకీ అవతలనుంచి, గొంతు మారుతున్న గొంతు:
"వాషర్ మర్చిపోయావ్."

విప్పాను. వాషర్ వేశాను.
మళ్లీ బిగించేటప్పుడు
చెయ్యి కొద్దిగా వణికింది. అలసటే అనుకోండి.

సాయంత్రం రింగుకి పట్టీ కట్టి
ట్రెయిలర్ స్ప్రింగులు మూలిగేదాకా లాగాం.
కదల్లేదు. ప్రతి నట్టుమీదా బోల్టుమీదా కలిపి
వాడు తెల్లరంగుతో ఒక గీత గీశాడు,
జరిగితే గీత విరుగుతుంది కదా.

మర్నాడు ఇసుక గుట్టలకి పోతూ
యాభై మైళ్ల దగ్గర పెట్రోలు బంకులో ఆగాం.
గ్యారెట్ కాఫీకి వెళ్లాడు.
టోబిన్ టార్చి నోట్లో కరుచుకుని కిందికి దూరాడు.
చాలాసేపు వెలుగు ఒక్కో నట్టు దగ్గరా ఆగి, కదిలి, ఆగింది.

"ఒకటి జరిగింది," అన్నాడు, "వెంట్రుకవాసి.
నువ్వు పైకెక్కు."

పానా అందుకుని ఎక్కాను.
చప్పుడు కోసం ఎదురుచూస్తూ మోకాళ్లమీద కూర్చున్నాను.