అర మాత్ర ఖాళీ

కింద పిండిగిర్ని తొమ్మిదింటికి బందైతది.
అప్పటిదాంక కీబోర్డు మీది గుడ్డ తియ్యను.
గోడలకు కోడిగుడ్ల అట్టలు,
కిటికీకి నాయిన నేసిన జంపఖానా,
కాజీపేట రైలు కూత లోపటికి రాకుంట.
అయినా వస్తది. రాత్రి రెండూ పదికి ఒకటి,
కొంచెం శ్రుతి తప్పి.

సార్ హైదరాబాదుల ఉంటడు.
కార్ల కూసోని ఫోన్ల కూనిరాగం తీస్తడు,
నడుమ డ్రైవర్ను తిడుతడు, మళ్ళ తీస్తడు.
పదకొండు సెకన్లు.
దానికి నేను నాలుగు నిమిషాల ఒళ్ళు తొడగాలె:
ఎముకలు, నరాలు,
చరణం ముంగట ఏడ్సినట్టు వచ్చే సన్నాయి,
ఆఖరికి ఊపిరి.

"ఫైలు మీద పేరు పెట్టకు తమ్మీ"
మొదటి దినమే అన్నడు.
పాటకు ఆరువేలు. దసరా ముంగటైతే ఎనిమిది.
పైసలు పడంగనే ఫోను టంగుమంటది.
ఆ టంగు గూడ ఎవడో ఒకడు కట్టిందే గద,
వాని పేరు నాకెరుకనా?

బాధ లేదని కాదు.
ఉన్నది, రోజూ ఉండేది కాదు.
బతుకమ్మ రోజుల్ల పద్మాక్షి గుట్ట కాడ
నా పాట మైకుల మోగుతది, ఆడోళ్ళు తిరుగుతరు.
నేను మక్కకంకి తినుకుంట నిలబడత.
తాళాలు జర ఎక్కువైనయి, తగ్గియ్యాల్సుండె
అనుకుంట. అంతే.

ఈసారి పాట గట్టిగ లేసింది.
బరాతుల్ల, ఆటోలల్ల, ములుగు పోయే బస్సుల్ల.
అందరూ ఒక్క జాగ గురించే మాట్లాడుతున్నరు:
మూడు దెబ్బల తర్వాత అర మాత్ర ఖాళీ.
ఆడేటోడు లేపిన కాలు దించకముందు
గాలిల ఆగుతడు గద, అగో, అక్కడ.

సార్ ఫోను జేసిండు.
"టీవోళ్ళు అడుగుతున్నరు, ఆ ఖాళీ ఎట్ల తట్టిందని.
ఏం జెప్పాలె? రాసి పంపు. పది లైన్లు సాలు."

పాట కట్టిచ్చినోడే
పాట ఎట్ల పుట్టిందో గూడ రాసియ్యాలె.
దానికి వేరే రేటు లేదు.

వాన అని రాద్దామనుకున్న. పిట్ట అని రాద్దామనుకున్న.
చేతికి రాలే.
ఉన్నదే రాసిన.
నాయిన కొత్తవాడల మగ్గం మీద కూసుండేటోడు.
పంజతోని మూడు దెబ్బలు కొట్టేటోడు.
ఆగేటోడు.
మళ్ళ మూడు.
ఆ చప్పుడుకే నాకు నిద్ర పట్టేది.
ఎందుకు ఆగేటోడో రాయలే.
పది లైన్లు ఒడిసిపోయినయి.

ఆదివారం టీవీ ముంగట అమ్మ, నేను.
అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నది.
"మా నాన్నగారు మగ్గం నేసేవారండీ"
సార్ గొంతు జీరబోయింది.
వాళ్ళ నాయినకు జనగామ రోడ్డుల పెట్రోలు బంకు.
యాంకరమ్మ కండ్లొత్తుకున్నది.
"ఎందుకు ఆగేవారు సార్?"

నేను రాయని లైను అది.
సార్ ఆగిండు, సరిగ్గ అర మాత్ర.
"మూడు దెబ్బలకోసారి దేవుణ్ణి తలుచుకునేవారు."
చప్పట్లు.

అమ్మ చేతుల కాయ ఆగింది.
"వీళ్ళ నాయినదీ మగ్గమేనట బిడ్డా.
మీ నాయిన గూడ గట్లనే ఆగేటోడు."
కాసేపటికి అన్నది,
"దేవుడు కాదు. పత్తి దుమ్ము. దగ్గు."
మళ్ళ ఈనె తీసింది.

గిర్ని బందైనంక ఫైలు తెరిసిన.
ముప్పై ఒకటో ట్రాకు, నోరు మూసి పెట్టి ఉన్నది.
పాత క్యాసెట్టుల మగ్గం చప్పుడు పట్టిననాడు
దానితోటే దొరికిన నాయిన దగ్గు.
దాన్ని మూస్తేనే ఆ ఖాళీ వచ్చింది.
సార్‌కు పంపిన దాంట్ల అది లేదు.

ఫోను వెలిగింది.
"ఇంటర్వ్యూ బాగొచ్చింది తమ్మీ.
మీ నాయినయి అసొంటివి ఇంకేమన్న ఉన్నయా?"

లెవ్వు సార్, అని కొట్టిన.
రెండూ పది బండికి ఇంకా శాన టైమున్నది.