మూరన్నర లోతు

చంపడానికి ఒక రేటు, ఆపడానికి ఒక రేటు.
ఆపడమే ఖరీదు.
ఈ మాట చెప్పగానే చాలామంది ఫోన్ పెట్టేస్తారు,
పెట్టేసి ఉప్పు పోస్తారు, వేన్నీళ్ళు పోస్తారు.
ఒకాయన డీజిల్ పోశాడు. చచ్చింది ఆయన గులాబీ.
ఎలునెడ్ పెట్టెయ్యలేదు.
"ఉండనీ," అంది, "కానీ ఉన్నచోటే ఉండనీ."

స్వాన్సీకి ఎగువన, లోయలో,
ఒకే గోడ పంచుకుని నిలబడ్డ ఇళ్ళు.
వెనక చాపముక్కల్లాంటి పెరళ్ళు,
పెరటికీ పెరటికీ మధ్య నడుమెత్తు రాతిగోడ.
పైన మాత్రమే అది గోడ.
జానెడు కిందికి దిగి అడిగితే
మట్టికి దాని పేరే తెలీదు.

ఇరవై రెండేళ్ళ కిందట, ఎలునెడ్ చెల్లెలు నెరిస్
కుండీలో తెచ్చి నాటిన వెదురు,
పక్కింటి బెర్విన్ కిటికీ కనబడకూడదని.
ఏం జరిగిందో ఎవరూ చెప్పరు, నేనూ అడగను,
గంటల లెక్కన తీసుకునేవాణ్ణి.
నెరిస్ పోయింది. తగువు ఆమెతోనే పోయిందనుకున్నారు.
వెదురుకు ఆ కబురు అందలేదు.

చప్పుడు చెయ్యకుండా నడిచింది అది,
కణుపు వెంట కణుపు,
గోడ పునాది కింద వంగి,
కంకర బాట కింద తిన్నగా,
చివరికి బెర్విన్ పందెం పావురాల గూట్లో
నేలపలక చీల్చుకుని ఒక పిలక లేచింది
ఈటె మొనలా, తడి ఊదారంగులో.
ఫ్రాన్సులో వదిలినా ఇల్లు వెతుక్కుని వచ్చే పక్షులవి.
పొదుగుతున్న పెట్ట ఒకటి
పిలక పక్కనే కూర్చుని కదల్లేదట.
బెర్విన్ లాయరుకు రాశాడు.
పావురం సర్దుకుంది.

మార్చి వాన. తవ్వాను.
పైన నల్లమన్ను, కింద పాత కొలిమి చిట్టెం,
పింగాణీ పెంకులు, ఒక చెంచా.
పసుపు తాళ్ళలా వేర్లు, తెగ్గొడితే
చెరుకు కొరికిన చప్పుడు.
మూరన్నర లోతు కందకం,
అందులో నిలబెట్టాలి నల్లటి ప్లాస్టిక్ పలక,
పై అంచు కాస్త బయటికి వాల్చి.
రెండు కొసలూ కలిసేచోట
ఒకదాని మీదొకటి మూరెడు ఎక్కించి
ఇనప పట్టీ వేసి బోల్టులు బిగించాలి.
వేరు ఎప్పుడూ అతుకునే వెతుకుతుంది.

పలక జారుతోంది, నాకున్నవి రెండే చేతులు.
ఒక కొస ఎలునెడ్ పట్టుకుంది, మోకాళ్ళు వణుకుతుండగా.
రెండో కొస పట్టుకున్న చేతులు
గోడ అవతలి నుంచి వచ్చాయి.
ఎవరూ ఎవరితోనూ ఏమీ అనలేదు,
పన్నెండు బోల్టులూ బిగిసేదాకా.

తర్వాత, అందరికీ చెప్పే పాఠమే చెప్పాను:
పలక అంచు నేలపైన నాలుగు వేళ్ళు కనబడాలి.
అందవికారంగా ఉందని మట్టి కప్పకండి.
ఇది వేరును ఆపుతుందని అమ్మేవాళ్ళంటారు. ఆపదు.
దారి లేక వేరు పైకొస్తుంది, అంచు దాటబోతుంది,
మీ కంటపడుతుంది, అంతే.
ఏడాదికోసారి, ఆకు రాలేకాలంలో,
చుట్టూ తిరిగి, వంగి చూసి, కత్తిరించాలి.
చూసేవాళ్ళు లేకపోతే
నేను పాతింది ఉత్త ప్లాస్టిక్.

"నాకు వంగడం కాదు," అంది ఎలునెడ్,
వెదురుతో చెప్పినట్టు.
బెర్విన్ టోపీ సర్దుకున్నాడు.
పావురాలకు మేతవేళ అయిందన్నాడు.

అక్టోబరులో పక్క వీధిలో డ్రెయిన్ పని పడింది.
వెనక సందులోంచి వ్యాన్ మెల్లగా పోనిచ్చాను.
బిల్లులో సగం ఇంకా రావాలి, అదీ ఒక కారణమే.
అతను ఆమె పెరట్లో
మడిచిన గోనెసంచి మీద మోకరిల్లి ఉన్నాడు,
చేతిలో కత్తెర.
అంచు మీదుగా ఒక వేరు,
చిటికెన వేలంత, లేత మీగడరంగు,
అవతలి మట్టిని ఇంకా తాకలేదు.
అతను కత్తిరించలేదు.
వంటింటి తలుపు వైపు తిరిగి
ఆమెను పేరు పెట్టి పిలిచాడు,
వచ్చి చూడమని.