పదకొండు సెకన్లు

బుధవారం, రెండో పీరియడ్.
నారాయణగూడ ఫ్లైఓవర్ మీది హారన్లు
మూడో అంతస్తు కిటికీలోంచి వచ్చి
హాజరు పలికి పోతుంటాయి.
స్టాటిస్టిక్స్ సార్ వదిలేసిన బెల్ కర్వ్ ఒకటి
బోర్డు మీద నిన్నటి నుంచీ ఉంది. తుడవలేదు.
దాని మూపురం కింద రాశాను:
ఒక మనిషిని వినడం ఎలా?

ముప్పై రెండు మంది దించుకున్నారు.
చివరి బెంచీ అడిగింది:
"ఇది ఎన్ని మార్కులకు మేడం?"

తబిత బోరబండ నుంచి రెండు బస్సులు మారి వస్తుంది.
పక్క పోర్షన్ సాయవ్వను ఇంటర్వ్యూ చేసింది.
దవాఖానలో రాత్రి ఆయా,
పందొమ్మిదేళ్ళ నౌకరి, ఇంకా కాంట్రాక్టే.
డ్యూటీ దిగి వచ్చి వంట చేసుకునే వేళ కూర్చోబెట్టింది.
నాలుగో ప్రశ్న: మీకు కోపం వస్తే ఏం చేస్తారు?
కాగితం మీద జవాబు ఇస్త్రీ చేసినట్టుంది:
"నాకు కోపం రాదు."
మార్జిన్లో పచ్చ ఇంకుతో కోడ్:
భావోద్వేగ నియంత్రణ.

ఫోన్లో రికార్డింగ్ పెట్టమన్నాను.
"నాకేం కోపమొస్తది బిడ్డా."

మళ్ళీ పెట్టమన్నాను.
నాకేం.
ఆ 'ఏం' ఎక్కడ పోయింది?
తబిత తల వంచుకుంది.
"బుక్కు తెలుగులకు మార్చిన మేడం.
అట్లనే రాస్తే ఆమెను తక్కువ చేసినట్టుంటదని."

నాకేం అంటే రాదని కాదు.
నాలాంటిదానికి వస్తే మాత్రం ఎవరికి లెక్క అని కావచ్చు.
ఉత్త అలవాటు మాటా కావచ్చు.
"మా నాయనమ్మ కూడా అట్లనే అంటది," అంది సుదక్షిణ,
"అని, గిన్నె ఇసిరి కొడతది."
రాసుకోండి, అదీ డేటాయే అన్నాను.

దాని తర్వాత రికార్డింగ్‌లో ఏమీ లేదు.
పదకొండు సెకన్లు.
కాగితం మీద ఆ ఏమీ లేకపోవడం కూడా లేదు.
"మౌనాన్ని ఎట్ల రాయాలె మేడం?"
బ్రాకెట్లో, సెకన్లు లెక్కపెట్టి.

ఇక మొదలయ్యారు.
ఒకరు దిగులన్నారు, ఒకరు భయమన్నారు.
నుజ్హత్ మెల్లగా సబర్ అంది,
దానికి తెలుగు దొరకలేదంది.
నేను ఊరుకోవాల్సింది.
చాక్‌పీసు తీసుకుని పెద్దగా రాశాను: అణచివేత.
కింద రెండు గీతలు.
ముప్పై రెండు పెన్నులు ఒక్కసారే కదిలాయి.
ఆ చప్పుడు నాకు బాగుంది, దాచను.

శుక్రవారం తబిత ఆలస్యంగా వచ్చింది.
"మళ్ళ పోయి అడిగిన మేడం.
మీరే అన్నరు కద, రాసింది చదివి వినిపియ్యాలె,
మనిషి తన మాటను తను గుర్తు పట్టాలె అని.
అవ్వ ఒకటే నవ్వుడు.
పొయ్యి మీద పప్పుండె గదనే,
మూడో కూత కోసం చూస్తున్న, అన్నది."

క్లాసంతా నవ్వు. నా మెడ వెనక వేడి.
ఫోను మళ్ళీ పెట్టాం.
తొమ్మిదో సెకను దగ్గర,
గోడవతల నుంచి సన్నగా, కుక్కర్ కూత.
ముప్పై మూడు మందిమి, అరవై ఆరు చెవులతో
బుధవారం మూడుసార్లు విన్నాం దాన్ని.

బోర్డు మీద మాటను అరచేత్తోనే చెరిపాను.
రాసుకోండి అనబోయి ఆగాను.

అప్పుడు నుజ్హత్ చెయ్యెత్తింది.
"కూత తర్వాత ఇంకా రెండు సెకన్లున్నయి కదా మేడం.
అవి దేనికి?"

తబితకు తెలియదు. నాకూ తెలియదు.
సాయవ్వను అడిగితే చెబుతుందో,
నాకేం తెలుస్తది బిడ్డా అంటుందో.

మార్చిలో ఎక్స్‌టర్నల్ వస్తాడు.
ఒక్క మనిషేనా, మిగతా నలభై తొమ్మిది మంది ఏరీ అంటాడు.
ఆయనకు చెప్పాల్సింది ఇంకా సిద్ధం చేసుకోలేదు.

తబిత రికార్డు బుక్కులో కొత్త పేజీ తిప్పింది.
పచ్చ ఇంకు పక్కన పెట్టి పెన్సిల్‌తో రాస్తోంది:

నాకేం కోపమొస్తది బిడ్డా
(తొమ్మిది సెకన్లు, కుక్కర్)
(రెండు సెకన్లు,

బ్రాకెట్ మూయలేదు.
మూయమని నేనూ అనలేదు.